ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం

పాఠకులారా, మనిషిని సాటి మనిషి నుంచి కాపాడే మాట లోకంలో ఒక్కటే ఉంది. అది మా సియోల్‌లో పుట్టింది. "ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం."

దీన్ని కనిపెట్టినవారికి విగ్రహం పెట్టాలి! ఈ మాట అన్నారంటే భోజనం లేదని అర్థం. బియ్యం కడగక్కర్లేదు, చొక్కా మార్చక్కర్లేదు, అవతలివాడి మోకాళ్ల నొప్పులు వినక్కర్లేదు. మర్యాద మాత్రం ఇద్దరికీ దక్కుతుంది.

నా భార్య పోయినప్పుడు అందరూ ఈ మాటే అన్నారు. ఆఫీసువాళ్లు అన్నారు. మా బావమరిది లిఫ్టు తలుపు మూసుకుంటుండగా సందులోంచి అన్నాడు. ఆ విందులన్నీ నిజంగా జరిగి ఉంటే నేను ఆ లిఫ్టులో పట్టేవాణ్ణి కాదు.

జరగలేదు కాబట్టి కర్టెన్లు దించుకుని, వండిన గిన్నెలోంచే నూడుల్స్ తింటూ, టీవీతో మాట్లాడుతూ హాయిగా గడిపాను. కొన్నాళ్లకు టీవీతో కూడా మాటలు మానేశాను. పొద్దున్నే ఎందుకు లేవాలో తెలిసేది కాదు. దాన్ని ప్రశాంతత అనుకున్నాను.

ఇంతలో పై అంతస్తు ప్యో ఓక్‌సున్ గారు లిఫ్టులో తగిలారు. మా అపార్ట్‌మెంట్లో పేర్లుండవు, ఫ్లాట్ నంబర్లే.

"ఏడొందల మూడు గారూ, అలా చిక్కిపోయారేంటి?"

"ఏం లేదండీ. ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం."

"ఎప్పుడు?" అందావిడ.

అలా అడగొచ్చా? మా ఊళ్లో పుట్టి పెరిగిన మనిషేనా? కంగారులో "గురువారం" అనేశాను.

గురువారం ఆవిడ రమ్మన్న చోటికి వెళ్తే, మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో ఓ గుంపే ఉంది. అందరూ నాలాగే నోరు జారినవాళ్లు. ఉద్యోగం పోయాక గది తలుపు తీయడం మానేసిన అమ్మాయి, కొడుకును పోగొట్టుకున్న బస్సు డ్రైవరు. అక్కడ నియమం ఒక్కటే. "ఎప్పుడైనా" అన్నవాళ్లు ఆ పూట గిన్నెలు కడగాలి.

"మీరెవరండీ?" అన్నాడు డ్రైవరు.

"ఏడొందల మూడు..."

"నంబరు కాదయ్యా, పేరు."

"మేంగ్ గ్యూహా," అన్నాను. నా పేరు నేనే విని ఎన్నాళ్లయిందో. ఏడుపొచ్చేసింది. ఎవరూ ఓదార్చలేదు. ఓక్‌సున్ గారు ముల్లంగి కిమ్చీ పచ్చడి ఇటు జరిపి, "ఏడుస్తూనే తినండి, పులుసు చల్లారిపోతుంది," అన్నారు.

అప్పట్నుంచీ నా దిగులు పాడుచేస్తున్నారు. గురువారమైతే చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. వెళ్లకపోతే తలుపు బాదుతారు. సొంత ఇంట్లో తీరిగ్గా కుంగిపోయే హక్కు కూడా మనిషికి లేదా?

అందుకే మా పాత మర్యాదను కాపాడమని ఈ వ్యాసం మొదలుపెట్టాను. సగంలో ఆపి కిందికి బయల్దేరితే, పైకి వెళ్తున్న లిఫ్టులో ఎనిమిదొందల రెండు ఆయన ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. చేతిలో ఒక్కరికి సరిపడే అన్నం డబ్బా. తలుపు తెరుచుకోగానే తలొంచి, "ఎప్పుడైనా కలిసి భోంచేద్దామండీ," అన్నాడు.

ఎంత చక్కటి మాట! తలొంచి ఊరుకోవలసింది. తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టాను.

"ఎప్పుడు?"

ఆయన అన్నం డబ్బా వెనక్కి దాచుకున్నాడు. "ఇవాళ ఏం వారమండీ?" అన్నాడు.

"గురువారమే," అన్నాను.