చేపగారి నడక

ఆ ఉదయం సిద్ధాంతికి ఉన్న పనులు రెండే. పదింటిలోగా ప్రోగ్రాంలో చేపను చేర్చాలి, తర్వాత స్థిమితంగా కాఫీ తాగాలి.

సిద్ధాంతి అన్నది అసలు పేరు కాదు, బావమరిది పెట్టిన పేరు. ప్రోగ్రాంలు రాసేవాళ్ళలో పని జరిగితే చాలనుకునే రకం బావమరిది; పని ఆగినా ఫర్వాలేదు, పద్ధతి తప్పకూడదనుకునే రకం సిద్ధాంతి. ఇద్దరి ఆఫీసూ ఇంటి ముందు గదే. సందుకు అవతల సిద్ధాంతి భార్య డాక్టరమ్మ నడిపే పశువుల ఆసుపత్రి. అందులో అపాయింట్‌మెంట్లన్నీ వీళ్ళు రాసిన ప్రోగ్రాం మీదే నడుస్తాయి. క్రిందటి నెల అది ఒక చిలక యజమానికి, దంతాలు శుభ్రం చేయించమని కబురు పంపింది.

"ఇవాళ్టి నుంచి చేపల్ని కూడా చూస్తానని బోర్డు పెడుతున్నా. మొదటి చేప పెద్ద టీచరమ్మగారిది. ఆవిడ నోరు ఎలాంటిదో మీకు తెలుసు. ఈసారి తేడా వచ్చిందంటే మీ ప్రోగ్రాం తీసి పక్కన పడేసి నోటు పుస్తకం పెట్టుకుంటా," అని డాక్టరమ్మ వెళ్ళిపోయింది. పుస్తకం అప్పటికే అలమరలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ప్రోగ్రాంలో ‘రోగి’ అని ఒక తండ్రి ఉంటాడు. బరువు చూపిస్తాడు, మందు వేసుకుంటాడు, రోజూ పదకొండింటికి ఆసుపత్రి మనిషితో నడకకు వెళతాడు. కుక్కా పిల్లీ ఆయన పిల్లలు; ఆయన చేసే పనులన్నీ వాటికీ వాటంతటవే వస్తాయి. ఇప్పుడు చేప కూడా ఆ ఇంటి బిడ్డే కావాలి.

"చేపయితే నడక వద్దు అని ఒక లైను రాసేశా బావా. అయిపోయింది," అన్నాడు బావమరిది.

"తీసెయ్. తండ్రి చేస్తానన్న పని పిల్లవాడు చేయనంటే వాడు ఆ ఇంటి పిల్లవాడు కాదురా. తండ్రి ఉండాల్సిన చోట కొడుకుని పెడితే ఎవరికీ తేడా తెలియకూడదు."

"మీ నాన్నగారు లెక్కల మాస్టారు. నువ్వు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటావు. తేడా తెలియట్లేదూ?"

"నడిచే రోగులు, నడవని రోగులు అని వేరు చెయ్యాలి. అదీ పద్ధతి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"వారం."

బోర్డు పెట్టడానికి పది నిమిషాలుంది. సిద్ధాంతి బావమరిది రాసిన లైను చెరిపేసి, వేరు చేసే పని సోమవారానికి పెట్టుకుని, కాఫీ కలుపుకున్నాడు.

పదిన్నరకు పెద్ద టీచరమ్మగారి ఫోన్‌కు కబురు వెళ్ళింది. ‘మీ చేపకు పదకొండింటికి నడక. మెడపట్టీ మరవకండి.’ ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేస్తే కాంపౌండరు తీశాడు. డాక్టరమ్మ లోపల ఒక పిల్లికి ఆపరేషన్ చేస్తోంది.

"ఏమయ్యా, చేపకి నడకేమిటి?"

"లిస్టులో ఉందండి. కంప్యూటర్‌లో ఉందంటే డాక్టరమ్మ చెప్పినట్టే."

ముప్పై ఏళ్ళు బడి నడిపిన మనిషి, టైంటేబుల్లో ఉన్న పీరియడు ఎగ్గొట్టడం ఆవిడకు చేతకాదు. చేపను గాజు జాడీలో పెట్టుకుని, జాడీ మెడకు రిబ్బను కట్టి, పదకొండుకు రెండు నిమిషాల ముందే ఆసుపత్రి గుమ్మంలో నిలబడింది. కుక్కల్ని తిప్పే మనిషి లిస్టు చూసుకున్నాడు. నాలుగు కుక్కలు, ఒక చేప. సరిపోయింది. అందరూ పార్కుకు బయలుదేరారు.

అతను నిజాయితీపరుడు. ఎవరు ఎన్ని అడుగులు వేశారో ఫోన్‌లో ఎక్కిస్తూ, చేప దగ్గర సున్నా అని ఎక్కించాడు. నడకలో సున్నా వస్తే కాళ్ళు నొప్పేమో ఎక్స్‌రే తీసి చూడాలన్న నియమం సిద్ధాంతి ముచ్చటపడి రాసుకున్నదే. ఆపరేషన్ ముగించుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చిన డాక్టరమ్మకు, ‘చేప: నాలుగు కాళ్ళకూ ఎక్స్‌రే, అత్యవసరం’ అని కంప్యూటర్ తెర మీద కనిపించింది.

"ఏవండీ!" అంటూ సందు దాటి వచ్చింది. "మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నా. చేపకి నాలుగు కాళ్ళు మొలిపించారేం? పెద్ద టీచరమ్మగారు పార్కులో ఉన్నారట. ఆవిడ నోరు తెరిచేలోగా వెళ్ళి కాళ్ళు పట్టుకోండి!"

సిద్ధాంతికి పై ప్రాణాలు పైనే పోయాయి. బావా బావమరుదులు ఒకరి చెప్పులు ఒకరు వేసుకుని మరీ పరిగెత్తారు.

పార్కులో బెంచీ చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. మధ్యలో టీచరమ్మగారు, ఒళ్ళో జాడీ.

"తప్పు నాదేనండి," అన్నాడు సిద్ధాంతి రొప్పుతూ. "చేప నడవదన్న సంగతి..."

"నాకు తెలియదనుకున్నావా? అది నడవలేదు, నేను నడిచాను. నడవమని మా డాక్టరు రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. నా కోసమంటే కాలు కదలలేదు. దీనికని రాసిపెడితే ఎగ్గొట్టబుద్ధి కాలేదు." ఆవిడ జాడీ వైపు ముద్దుగా చూసింది. "ఇక్కడ నా దగ్గర చదువుకున్నవాళ్ళు ముగ్గురు కనిపించారు. రేపు కూడా పదకొండింటికేనా?"

"రోజూ అండి," అన్నాడు బావమరిది చటుక్కున. తర్వాత బావ చెవిలో, "ఒకరి బదులు ఒకరు నడిచారు. పని జరిగింది," అన్నాడు.

"తేడా ఎవరికీ తెలియలేదు! అదేరా నేను మొత్తుకునేది!" సిద్ధాంతి ముఖం వెలిగిపోయింది.

"అంతా బాగానే ఉంది కానీ, ఎక్స్‌రేకి రమ్మని కూడా వచ్చిందయ్యా," అన్నారు టీచరమ్మగారు, ఫోన్ చూపిస్తూ. "పరగడుపునే తీసుకురావాలా?"

సాయంత్రానికి మరో ఇద్దరు చేపల వాళ్ళు, ఒక తాబేలు వాళ్ళు నడకకు పేరు రాయించుకున్నారు. నోటు పుస్తకం అలమరలోకి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ తానే కాఫీ కలిపి ముందు గదిలోకి తెచ్చింది. సిద్ధాంతి తలుపు దగ్గరగా వేసుకుని ఏదో టైపు చేస్తూ, అడుగుల చప్పుడుకు తెరను చేత్తో మూయబోయాడు. కానీ వెనక నుంచి బావమరిది అప్పటికే చదివేశాడు.

‘చేపయితే ఎక్స్‌రే వద్దు.’