నురగొచ్చిన స్టాక్

ఆ ల్యాబులో అతన్ని అందరూ నిదానం అనే పిలిచేవారు. పరిశోధనలో చేరి ఏళ్లు గడిచినా ఏనాడూ ఒక గాజు గొట్టం పగలగొట్టలేదు, ఒక చుక్క ఒలకబోయలేదు, ఒక్క పనీ వేళకు పూర్తి చేయలేదు. అలాంటి మనిషికి ఆ రోజు పొద్దున్నే తొందర పట్టుకుంది. బడిలో కూతురి నాటకం. పిల్లది మేక వేషం వేస్తోంది. పోయినసారి చెట్టు వేషం వేసినప్పుడు నాన్న రాలేదని చాలా రోజులు అతని పక్కన కూర్చుని అన్నం తినలేదు.

"ఈసారి కూడా ఎగ్గొడితే దానికి సర్దిచెప్పడం నా వల్ల కాదు. మీరూ మీరూ చూసుకోండి" అని గుమ్మంలోనే చెప్పేసింది భార్య.

చేయాల్సిన పని చిన్నదే. ప్రొటీన్లను ముక్కలుగా కోసే ఒక ఎంజైమ్ పొడి చిన్న సీసాలో వచ్చింది. దాన్ని బఫర్ అనే చల్లటి ద్రావణంలో కరిగించి, తర్వాత కొంచెం కొంచెంగా వాడుకునే చిక్కటి స్టాక్ తయారుచేసి, బుల్లి ట్యూబుల్లోకి పంచి ఫ్రీజర్లో పెట్టాలి. ఆ సీసా కోసం ల్యాబు పెద్ద అయిన ప్రొఫెసర్ మేడమ్ ఆర్నెల్లు ఎదురుచూశారు. ముందురోజు దవడ పన్ను పీకించుకోవడానికి సెలవు మీద వెళ్తూ, ఐస్ మీదే ఉంచమనీ, మెల్లగా తిప్పమనీ, గట్టిగా ఊపితే నురగొచ్చి ఎంజైమ్ చచ్చి ఊరుకుంటుందనీ ఒకటికి పదిసార్లు చెప్పారు. తనలాంటి వాడికి అన్నిసార్లు చెప్పాలా అని అతను లోలోపల నొచ్చుకున్నాడు కూడా.

పొడి ఎంతకీ కరగలేదు. అడుగున ఒక గడ్డ మొండికేసి కూర్చుంది. నిదానం గోడ గడియారం వంక చూశాడు, గడ్డ వంక చూశాడు. కళ్ల ముందు మేక కదిలింది. అంతే, చెయ్యి అతని మాట వినకుండా సీసాను గడగడా ఊపేసింది. గడ్డ కరిగింది. దాంతోపాటు బట్టలుతికిన నీళ్ల మీద లేచినట్టు మూతి దాకా తెల్లటి నురగ లేచింది.

అతను గబగబా మూత బిగించాడు. సీసాను ఐస్ డబ్బాలో గుచ్చి, ఒకప్పుడు అదే ల్యాబులో పనిచేసి వెళ్లిన సీనియర్ అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, పోయింది. నా చేతుల్లోనే పోయింది. పొద్దున దాకా నిక్షేపంగా ఉంది" అన్నాడు.

అక్క జవాబు చెప్పేలోపే ఏదో సంతకం కోసం ఆఫీసు సూపరింటెండెంట్ తలుపు తోసుకుని వచ్చాడు. ఏ కబురునూ తన చెవిన పడ్డంత సైజులో బయటికి పోనివ్వని మనిషి ఆయన. ఏమైందని అడిగాడు.

"మేడమ్..." అని నిదానం ఆగిపోయాడు. మేడమ్‌కి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తోచక కళ్లు తుడుచుకున్నాడు. "పోయింది సార్."

సూపరింటెండెంట్ గుండె గుభేలుమంది. పన్ను పీకించుకుంటానని నవ్వుతూ వెళ్లిన మనిషి. మేడమ్ అంతటి ఆవిడను పట్టుకుని పోయింది అంటాడేమిటని ఒక్క క్షణం అనిపించినా, దుఃఖంలో మర్యాదలు ఎవరికి గుర్తుంటాయిలే అని సర్దుకున్నాడు.

"ఇప్పుడు ఎక్కడుంచారు?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఐస్‌లోనే ఉంచాను సార్."

ఆ పైన ఇంకేమీ అడగడానికి ఆయనకు మనసొప్పలేదు. నేరుగా డైరెక్టర్ గదికి నడిచాడు.

డైరెక్టర్ జాగ్రత్తపరుడు. రూఢి చేసుకోందే దేన్నీ నమ్మడు. స్వయంగా మేడమ్ ఇంటికి ఫోన్ చేశాడు. మేడమ్ నోటి నిండా దూది ఉండడంతో ఫోన్ భర్త తీశాడు. సంగతి ఇప్పుడే తెలిసిందనీ, మనసంతా కలచివేసినట్టుందనీ డైరెక్టర్ అన్నాడు. భార్య పన్ను గురించి అంతటి మనిషి అంతగా బాధపడటం చూసి భర్త కదిలిపోయాడు.

"బాధపడకండి సార్. తేలిగ్గానే అయిపోయింది. ఇన్నాళ్లూ పడ్డ నరకం కన్నా ఇదే నయం. ఇప్పుడు హాయిగా పడుకుంది."

ఆయన గుండె నిబ్బరానికి డైరెక్టర్ నిర్ఘాంతపోయాడు. ఆ పూటకు సంస్థ మొత్తానికి సెలవు ప్రకటించి, హాల్లో సంతాప సభ ఏర్పాటు చేయమన్నాడు.

ఇవేవీ నిదానానికి తెలియవు. ఐస్ డబ్బా ముందు కూర్చుని ఉంటే, పక్క ల్యాబుల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టి వెళ్తున్నారు. ఒకావిడ మంచినీళ్లు తెచ్చి తాగించింది. ఇంకొకాయన, ఎవరి చేతిలో ఏముంది, ఆ టైమ్ వచ్చినప్పుడు పోవాల్సిందే కదా అన్నాడు. ఒక ఎంజైమ్ కోసం ఇంతమంది ఇంత మంచిగా మాట్లాడటం అతనికి కొత్తగా ఉంది. చివరికి డైరెక్టర్ కబురు పెట్టాడు, హాలుకొచ్చి నాలుగు మాటలు చెప్పాలని. అందరి ముందూ తప్పు ఒప్పుకోమంటున్నారని అర్థమైంది అతనికి.

అతను వెళ్లేలోపు ఎదురు ల్యాబు ప్రొఫెసర్ మాట్లాడి కూర్చున్నాడు. మేడమ్‌కీ ఆయనకీ పెద్ద ఫ్రీజర్ దగ్గర మొదలైన గొడవ మాటలు లేనంత వరకు వచ్చింది. ఆ ఫ్రీజర్ న్యాయంగా ఆమెకే రావాల్సిందనీ, తాను పట్టుబట్టి లాక్కున్నాననీ, ఇప్పుడు ఆమె ల్యాబుకే ఇచ్చేస్తున్నాననీ ఏడుస్తూ ప్రకటించాడు.

నిదానం మైకు ముందు నిలబడ్డాడు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు.

"తప్పంతా నాదే. గట్టిగా ఊపొద్దని మేడమ్ ఎన్నోసార్లు చెప్పారు. నాకు ఇంటికెళ్లే తొందర. పట్టుకుని గట్టిగా ఊపేశాను. నురగ వచ్చేసింది. అప్పుడే పోయిందని నాకు తెలిసిపోయింది."

హాల్లో తలలన్నీ ఒక్కసారి లేచాయి. ముందు వరుసలో వాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"ఎవర్ని ఊపావు నాయనా?" అన్నాడు డైరెక్టర్, మాట తడబడుతూ.

"సీసాని సార్."

ఆ జవాబు ఎవరికీ బుర్రకెక్కక ముందే గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. బుగ్గ బూరెలా వాచిపోయి, తలకు కండువా చుట్టుకుని మేడమ్ నిలబడి ఉన్నారు. ఎవరి కష్టసుఖాలూ ఏనాడూ అడగని డైరెక్టర్ పన్ను గురించి పరామర్శించాడని భర్త చెప్పగానే, ఆమెకు ఏదో తేడా కొట్టి కారు తీయించారు. ఎదురు ల్యాబాయన మాట్లాడటం మొదలుపెట్టినప్పటి నుంచీ తలుపు చాటునే ఉన్నారు. సూపరింటెండెంట్ కుర్చీలోనే సగం జారిపోయాడు.

ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడలేరు కూడా. నిదానం రెక్క పట్టుకుని ల్యాబుకు నడిపించారు. నురగ అణిగిన సీసాలోంచి ఒక చుక్క తీసి, గాజు గొట్టంలో నీళ్లు కలిపిన పాలలో వేసి, గోరువెచ్చటి నీళ్లలో ఉంచారు. ఇద్దరూ చూస్తుండగా పాల తెలుపు పల్చబడి, పల్చబడి, చివరికి గాజుకు అవతల ఉన్న ఆమె వేళ్లు కనబడ్డాయి. పాలకు తెలుపునిచ్చే ప్రొటీన్‌ను శుభ్రంగా కోసేసింది. ఎంజైమ్ ప్రాణాలతోనే ఉంది.

నిదానం నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేడమ్ అతని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, తలుపు వైపు వేలు చూపించారు. ట్యూబుల్లోకి తనే పంచుకుంటానని సైగ చేశారు. అతను బడికి చేరేసరికి మేక అప్పుడే స్టేజీ మీదికి వస్తోంది. వెనక వరుసలో నాన్నను చూసి, అరవాల్సిన చోట అరవడం మరిచిపోయి చెయ్యి ఊపింది.

ఎదురు ల్యాబు ప్రొఫెసర్ ఇచ్చిన మాట వెనక్కి తీసుకుందామని మేడమ్ గదికి వచ్చాడు గానీ, ఆమె వాచిన బుగ్గతో మౌనంగా తాళంచెవి కోసం చెయ్యి చాచేసరికి ఇచ్చేసి వెళ్లిపోయాడు. సంస్థకు ఇచ్చిన సెలవునూ ఎవరూ రద్దు చేయలేదు. మేడమ్‌కి మాత్రం ఆ పూట సొంత సెలవులోంచే కోశారు, ఎవరి సంతాపానికి వాళ్లే సెలవు తీసుకునే వీలు నిబంధనల్లో లేదట.