చైర్మన్ గారు దిగిన తాడు

బిక్షానికి తాడు రాలేదు. ఇక రాదు. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

వచ్చినవేమిటో చెబుతాను. పథకం వచ్చింది. పథకానికి 'గిరి మకరందం' అని పేరు వచ్చింది. పేరుకు ఒక పాట వచ్చింది. బేగంపేటలో మా చిన్న గూడేల ఆర్థికాభివృద్ధి సంస్థ కార్యాలయం మీద నాలుగంతస్తుల బ్యానరు వచ్చింది. బ్యానరు మీద మా చైర్మన్ విజయేందర్ గారు తేనెపట్టును చూసి నవ్వుతున్నారు. "ఇరవై ఇళ్ళు లేని గూడెం సుత గ్లోబల్ మార్కెట్ల నిలబడాలె" అని ఆయన పత్రికల వాళ్ళను పిలిచి ప్రకటించారు. అంత పెద్ద మాట అంతకు ముందు ఎవరూ అనలేదు. ఎవరికీ అంత ధైర్యం లేకపోయింది.

ఆ ఆఫీసులో నాది ఇన్వార్డు సెక్షన్. వచ్చిన కాగితం మీద నంబరు వేసి ముద్ర కొడతాను. రిటైరయ్యాక కాంట్రాక్టు మీద మళ్ళీ తీసుకున్నారు. బోయిగూడలో ఖాళీ ఇంటిని కాపలా కాయడం కంటే ఇది నయం.

బిక్షం ఫిబ్రవరిలో వచ్చాడు. నల్లమల లోపల పంతొమ్మిది ఇళ్ళ చెంచుగూడెం వాళ్ళది. వెంట అతని భార్య తమ్ముడు వీరయ్య ఉన్నాడు. బిక్షం భుజం మీద పాత తాడు చుట్ట ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ డేవిడ్ రాజు ఆపాడు.

"తాడు లోపలికి తీస్కపోవద్దు."

"సారుకు జూపియ్యాలె. అరిగింది."

"ఆఫీసుల అందరు పరేషాన్ల ఉంటరు. ఎవడన్న ఉరేసుకుంటే నా నౌకరి పోతది."

నేను వెళ్ళి హామీ ఇచ్చి లోపలికి తెచ్చాను. ఎండాకాలంలో కొండచరియల కింద తేనె పడుతుంది. పైన చెట్టుకు తాడు కడతారు. ఒకడు దాని మీద వేలాడుతూ దిగుతాడు, ఒకడు పైన కూర్చుని తాడు పడతాడు. ఆ తాడు బిక్షం తండ్రి నాటిది. రెండు చోట్ల పీచు లేచింది.

"ఎండలు ముదిరే లోపట ఒక్క తాడు గావాలె సార్. గంతే" అన్నాడు బిక్షం.

మూడు వాక్యాల్లో దరఖాస్తు నేనే రాశాను. నేనే ముద్ర వేశాను. ప్రాజెక్ట్ డైరెక్టర్ సత్యదేవ్ గారి దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్ళాను. ఆయన గ్రామీణాభివృద్ధిని విదేశాల్లో చదివారు. అక్కడి నుంచి చూస్తే మన పల్లెలు చాలా స్పష్టంగా కనిపిస్తాయట.

"తాడు మా లిస్టులో లేదు" అన్నారు సత్యదేవ్ గారు. "వర్టికల్ యాక్సెస్ సొల్యూషన్ ఉంది. అది కావాలా?"

"గదేంది సార్?"

"తాడు."

"గట్లయితే గదే ఇయ్యిండ్రి."

"మనిషికి ఇవ్వం. గ్రూపుకి ఇస్తాం. గ్రూపులో పది మంది ఉండాలి. ఎవరికి ఎవరూ బంధువులు కాకూడదు. అది రూల్."

"పంతొమ్మిది ఇండ్లు సార్. అందరం చుట్టాలమే."

"అదే మీ ప్రాబ్లం" అన్నారు సత్యదేవ్ గారు జాలిగా. "సరే, నువ్వు దిగుతావు. తాడు ఎవరు పడతారు?"

"మా బామ్మర్ది. బామ్మర్దే పట్టాలె. ఇంకొకడు ముట్టొద్దు."

"ఎందుకు?"

వీరయ్య జవాబిచ్చాడు. "నేను ఇడిస్తే మా అక్క బొట్టు పోతది గద సార్. గందుకే మా తాతల కాడికెల్లి గిదే పద్ధతి."

నాకు నచ్చింది. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆరేళ్ళలో మా బావమరిది ఒక్కసారి ఫోన్ చేశాడు. అదీ ఎవరికో చేయబోయి.

సత్యదేవ్ గారు మాత్రం కుర్చీలోంచి లేచారు. "కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్! దిగేవాడు, పట్టేవాడు ఒకే కుటుంబమా? రేపు ఆడిట్‌కి నేనేం చెప్పాలి? తాడు పట్టేవాడికి దిగేవాడి మీద ఎలాంటి ఆసక్తీ ఉండకూడదు. అదే ట్రాన్స్‌పరెన్సీ."

"ఆసక్తి లేకుంటే ఇడుస్తడు గద సార్?" అన్నాడు వీరయ్య.

ఆ ప్రశ్న ఫైలులోకి ఎక్కలేదు.

ఫైలు మాత్రం చురుగ్గా కదిలింది. తాడు సరఫరాకు ఒక టెండరు, తాడు పట్టే సేవకు ఒక టెండరు పిలిచారు. రెండింటికీ ఒక్కరే వేశారు, రెండూ ఆయనకే వచ్చాయి. ఆయన మహేందర్ గారు, చైర్మన్ గారి భార్యకు సొంత తమ్ముడు. నాకు అనుమానం వచ్చి రూల్సు పుస్తకం తీసి చూశాను. బంధువులు కాకూడదన్న నియమం తాడు తీసుకునే వాళ్ళకే. ఇచ్చే వాళ్ళకు కాదు. ఎవరి తప్పూ లేదు.

ఏప్రిల్‌లో ప్రారంభోత్సవం. బేగంపేటలో ఒక హోటల్ వెనక పచ్చిక మీద కొండ కట్టారు. ఇనుప గొట్టాలు, వాటి మీద థర్మాకోల్, దాని మీద రంగు. మూడంతస్తుల ఎత్తు. నల్లమల కంటే శుభ్రంగా ఉంది. స్టేజీ మీద కొత్త తాడు ఇస్తామని, పాతది ప్రదర్శనకు తెమ్మని బిక్షానికి ఫోన్ చేశారు. ఇద్దరూ తాడుతో వచ్చారు.

చైర్మన్ గారు మైకు అందుకున్నారు. "అడవి బిడ్డల తక్లీఫ్ ఏందో నాకెర్క. వేరేటోళ్ళను దింపి నేను చూస్త కూసునే మనిషిని గాదు. ఇయ్యాల తేనెకు నేనే దిగుతా!"

చప్పట్లు మోగాయి. ఆయన వెనక మెట్ల మీదుగా కొండ ఎక్కారు. ఆయన మంచి భారీ మనిషి. ప్రతి మెట్టూ ఆ సంగతి చెప్పింది. సంతకం కోసం ఫైలు పట్టుకుని నేనూ ఎక్కాను.

పైన పసుపుపచ్చ తాడు మెరుస్తోంది. చైర్మన్ గారు ముచ్చటపడ్డారు.

"జబర్దస్త్ ఉంది. ఎవరిచ్చిండ్రు?"

"మన మహేందర్ గారే సార్" అన్నారు సత్యదేవ్ గారు.

"పట్టేదెవరు?"

"నేనే బావా!" అన్నారు మహేందర్ గారు, చేతులకు గ్లౌజులు తొడుక్కుంటూ.

చైర్మన్ గారు తాడును చూశారు. బావమరిదిని చూశారు. కిందికి చూశారు. గొంతు తగ్గించారు.

"ఫంక్షన్ హాలుకు నువ్వేసిన స్లాబు ఏమైందిరా?"

"అది సిమెంటు బావా. ఇది తాడు."

చైర్మన్ గారు నడుముకు కట్టిన బెల్టు విప్పేశారు. "ఆ చెంచాయన తాడు ఏడుంది? పైకి తెప్పియ్యిండ్రి. పట్టేటోణ్ణి సుత."

ప్రదర్శనలో పెట్టిన పాత తాడు పైకి వచ్చింది. వీరయ్యా వచ్చాడు.

"నువ్వు పట్టు" అన్నారు చైర్మన్ గారు.

"పట్టరాదు సార్. మీ ఇంటామె నా అక్క గాదు."

"ఇప్పటిసంది అక్కనే. షురూ చెయ్."

వీరయ్య కదల్లేదు. కింద నుంచి బిక్షం కేకేశాడు. "పట్టు బామ్మర్దీ! సారు దిగితేనే మనకు కొత్త తాడంట!"

వీరయ్య కూర్చున్నాడు. ఇనుప గొట్టానికి కాళ్ళు తన్నిపెట్టి తాడు పట్టాడు. చైర్మన్ గారు దిగారు. లేచిన పీచు ఒక్కో పోగూ విడిపోవడం నేను చూశాను. వీరయ్య ఊపిరి తీయలేదు. కింద చైర్మన్ గారు థర్మాకోల్ పట్టులో వేలు ముంచి, కొనుక్కొచ్చి పోసిన తేనెను నాకి, "అసలైన అడవి రుచి" అన్నారు. మర్నాడు అన్ని పత్రికల్లో ఆ వేలే.

కొత్త తాడు ఆ రోజు ఇవ్వలేదు. కార్యక్రమాల లిస్టులో ఉన్న ఆఖరి పాట కూడా అయ్యాక లైట్లు తీసేశారు. పాత తాడు ఆఫీసులో ఫొటోలు తీయడానికి కావాలన్నారు. ఇద్దరూ ఖాళీ చేతులతో బస్సెక్కారు.

వారం తర్వాత రెండు ఉత్తర్వులు నా బల్ల మీదికి వచ్చాయి. మొదటిది: "లబ్ధిదారుని తాడు గౌరవ చైర్మన్ గారి బరువును బహిరంగంగా మోసినందున కొత్త తాడు అవసరం లేదని తేలింది. దరఖాస్తు ముగించడమైనది." రెండోది: "చారిత్రక ప్రాధాన్యం దృష్ట్యా సదరు తాడును కార్యాలయ ప్రాంగణంలో అద్దాల పెట్టెలో భద్రపరచవలెను."

రెండింటి మీదా ముద్ర వేశాను. తర్వాత సత్యదేవ్ గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, తాడు ఉందని దరఖాస్తు మూసేశాం. ఆ తాడు మన దగ్గరుంది."

"అవును" అన్నారు ఆయన. "సేఫ్‌గా ఉంది."

మే నెల చివర వీరయ్య ఒక్కడే వచ్చాడు. ఈసారి చేతుల్లో ఏమీ లేదని డేవిడ్ రాజు లోపలికి వదిలాడు. ఆ రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"బిక్షం ఏడి?" అన్నాను.

"పక్క ఊర్ల బోరు మోటరు దింపే తాడు అడుక్కొచ్చినం సార్. ప్లాస్టిక్‌ది. జారింది. పట్టిన. నేనైతే ఇడువలే. తాడే తెగింది."

"ప్రాణం?"

"పాణం ఉంది. నడుమే లేదు."

"మరి నువ్వెందుకొచ్చావు?"

"బావ జూసి రమ్మన్నడు. మా తాడును ఎలుకలు గిట్ల కొట్టలేదు గదా అని."

అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్ళాను. లోపల చిన్న దీపం. తాడు వెల్వెట్ గుడ్డ మీద చుట్టగా పడుకుని ఉంది. వీరయ్య వంగి, ఎలుక కొరికిన చోటు ఉందేమోనని చుట్టంతా చూశాడు.

"మంచిగున్నది" అన్నాడు. "ఏదో రాసిండ్రు, ఏం రాసిండ్రు సార్?"

"చైర్మన్ గారు దిగిన తాడు."

"పట్టినోని పేరు రాసిండ్రా?"

కింది వరుసలో ఉంది: 'తాడు పట్టినవారు: మహేందర్ ఎంటర్‌ప్రైజెస్.'

"అద్దం మీద మరక ఉంది. కనిపించట్లేదు" అన్నాను.

వీరయ్య చేతికి చుట్టిన గుడ్డతో అద్దం తుడిచాడు. "ఇప్పుడు చదువుండ్రి" అన్నాడు.

నేను చదవలేదు. ఈ సంగతి చెప్పడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఇక ఎవరూ నా దగ్గర తాడు ఊసెత్తవద్దు.