ఎడమకు తిరిగే భర్త

పట్టణంలో ఇళ్ళ కేటాయింపు ఎలక్ట్రాన్ల పద్ధతికి మారిన ఏడాది, సత్యవేణికీ ఆమె భర్త కోదండానికీ పొరపాటున ఒకే నాలుగు సంఖ్యలు వచ్చాయి. ఏ ఇద్దరికీ నాలుగు సంఖ్యలూ ఒకటిగా ఉండకూడదు కాబట్టి, సరిచేసేదాకా ఇద్దరిలో ఒకరు లేనట్టేనని నోటీసు అందింది. ఎవరు లేరో అందులో రాయలేదు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. మొదటి సంఖ్య మనిషి పట్టణం నడిబొడ్డు నుంచి ఎన్నో పొరలో ఉండాలో చెబుతుంది. రెండోది ఇంటి ఆకారం, గుండ్రమా, డంబెల్‌లా నడుమ నొక్కుకుపోయిందా అని. మూడోది ఇల్లు ఏ దిక్కుకు ఉందో. నాలుగోది మనిషి తన చుట్టూ తాను ఎటు తిరుగుతాడో, కుడికా ఎడమకా. ఒక ఇంట్లో ఇద్దరే ఉండాలి, ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ తిరగాలి. మొదట్లో జనం కళ్ళు తిరిగి పడ్డారు గానీ తర్వాత అలవాటైపోయింది.

భార్యాభర్తలు నోటీసు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళారు. గుమాస్తా గవర్రాజు మర్యాదస్తుడు.

“మీలో ఒకరు ఎడమకి మారితే సరిపోద్దండి” అన్నాడు.

“ఆయన మారతారండి. మిషను కుట్టీదాన్ని, నాకు కుడే అలవాటు” అంది సత్యవేణి.

కోదండం అక్కడే నిలబడి ఎడమకు రెండు చుట్లు తిరిగి చూపించాడు. గవర్రాజు రాసుకున్నాడు.

“అయితే ఇంక ఇద్దరం ఒకే ఇంట్లో ఉండొచ్చాండి?”

“ఆయ్, ఉండొచ్చండి. ఇప్పుడే కాదు. మీ వరసలో మూడిళ్ళున్నాయి. మూడింట్లోనూ ఒక్కొక్కరు చేరాకే రెండో మనిషినిస్తాం. ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ వరసంతా ఒకవైపే తిరగాలి. ఈయన ఎడమ కదండి, అందాకా నాలుగో పొరలో ఆగాల.”

“మొగుడూ పెళ్ళాలమండి మేము.”

“ఈ ఫారంలో ఆ గడి లేదండి.”

“నెలా రెండు నెలలే కదే” అన్నాడు కోదండం. ఇంటికొచ్చి సంచీలో రెండు లుంగీలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. మరుక్షణం ఆ కుర్చీలో లేడు. పొరకూ పొరకూ మధ్య దారి ఉండదు. ఉత్తర్వు పడితే ఇక్కడి మనిషి అక్కడుంటాడు, అంతే. సత్యవేణి బస్సు కోసం అడిగితే స్టాండులో వాళ్ళు జాలిగా చూశారు.

వారం వారం ఆమె ఆఫీసుకు వెళ్ళేది. “ఆయనెక్కడున్నారండి?”

“ఖచ్చితంగా చెప్పకూడదండి. నాలుగో పొరలో ఉండే అవకాశం తొంభై శాతం.”

“మిగతా పదీ?”

“పట్టణమంతానండి.”

ఆ పది శాతం కోసం ఆమె సంతలో, రేవులో, సినిమాహాలు దగ్గర మగవాళ్ళ ముఖాలు చూస్తూ తిరిగింది.

పదకొండో నెలలో వరసలోని మూడో ఇంట్లోనూ ఒకరు చేరారు. గురువారం పొద్దున ఆమె పళ్ళు తోముకుని వచ్చేసరికి వరండాలో ఒకాయన మెల్లగా ఎడమకు తిరుగుతున్నాడు. పొడుగరి, మీసాలున్నాయి, ముంజేతి మీద కాలిన మచ్చ ఉంది.

“ఇక్కడే అన్నారండి” అన్నాడు ఇబ్బందిగా.

సత్యవేణి ఆఫీసుకు పరుగెత్తింది. గవర్రాజు కాగితాలు తిరగేశాడు. “పొర సరే. ఆకారం సరే. దిక్కు సరే. తిరగడం ఎడమకే. ఆయనే కదండి.”

“నా మొగుడు నాకు తెలీదాండి? ఆయన నిద్దట్లో పళ్ళు కొరుకుతాడు. దువ్వెన ఎక్కడ పెట్టాడో రోజూ నన్నే అడుగుతాడు.”

“ఐదో సంఖ్య లేదండి” అన్నాడు గవర్రాజు. అతని గొంతులో వెటకారం లేదు. “ఒక మాటడుగుతాను, ఏవనుకోకండి. పెళ్ళికి ముందు ఆయన గురించి మీకేం తెలుసండి?”

సత్యవేణి ఆలోచించింది. వయసు. ఉద్యోగం. నక్షత్రం. గోత్రం. ఇంకోటి ఉండాలని వేళ్ళు మడిచి చాలాసేపు నిలబడింది. వెనక క్యూలో వాళ్ళు గొణిగితే పక్కకు జరిగింది.

ఇంటికొచ్చేసరికి ఆ మనిషి ఇంకా వరండాలోనే ఉన్నాడు, లోపలికి రాలేదు.

“మా ఆవిడ నన్ను వెతుక్కుంటా ఉంటదేమోనండి.”

“ఆవిడకీ ఎవరో వచ్చే ఉంటారు” అంది సత్యవేణి. గుమ్మం దాటబోతూ అడిగింది: “ఆవిడ కూరల్లో కారం ఎక్కువేస్తదా?”

“తక్కువేనండి. ఏం?”

“మా ఆయనకి కడుపులో పుండు” అని, ఆమె లోపలికి వెళ్ళి ఇద్దరికి బియ్యం కడిగింది.