పురిటి రేకు

గాలెయ్య ఇంటి కప్పును ఊడదీసి, కరిగించి రోడ్డు వేసిన మరునాటి నుంచి గాలెయ్య కుటుంబం ఆ రోడ్డు కిందే కాపురం ఉంటోంది.

ఇది ఎవరికీ వింతగా తోచలేదు. ప్రభుత్వ ఉత్తర్వులో స్పష్టంగానే ఉంది. ఇళ్ల మీది పాత తారురేకులు వృథా పోకుండా రోడ్లకు వాడాలి. కప్పు ఎక్కడికి పోతే ఇల్లు అక్కడికి పోయినట్టు లెక్క. కాలనీలో నలభై మూడు ఇళ్లు. అన్నిటికీ అట్టకు తారు పట్టించిన ఎర్రరంగు రేకులే. ఎండకు వంగిపోయి, వానకు కారి, అంచులు పిప్పి పిప్పి అయిన రేకులు. వాటిని ట్రాక్టర్ల మీద తోలుకుపోయి, నలగ్గొట్టి, కంకరలో కలిపి, ఊరి నుంచి హైవే దాకా రెండు కిలోమీటర్లు పరిచారు. గోడలు మాత్రం కాలనీలోనే నిలబడి ఉన్నాయి. కప్పు లేని గోడల్ని రికార్డులో 'దొడ్లు' అని రాసుకున్నారు. దొడ్లో మనుషులు ఉండకూడదు.

ఒక్కో ఇంటికి నలభై ఆరు మీటర్ల రోడ్డు వచ్చింది. రోడ్డు అంచును చాప ఎత్తినట్టు ఎత్తి లోపలికి దూరాలి. లోపల వెల్లకిలా పడుకోవచ్చు, పక్కకు తిరగవచ్చు, కూర్చోవడానికి లేదు. రెండంగుళాల తారు కింద మనుషులెట్లా ఇముడుతారని పై ఊరివాళ్లు మొదట్లో అడిగేవారు. ఇమిడారు. పాత ఇళ్లలో ఉన్నప్పుడూ వాళ్లు అంతే చోటులో ఉన్నారు, ఎవరూ కొలవలేదంతే. కరెంటు మీటర్లు కిలోమీటరు రాళ్లకు బిగించారు. వంట రోడ్డు మార్జిన్లో చేసుకుని గిన్నెలు లోపలికి తోసేవారు. లారీ పోతుంటే మూత పట్టుకోవాలి.

గాలెయ్య వంతు దగ్గర మాత్రం రోడ్డు కాస్త పలచగా పడింది. దానికి కారణం ఆ కాలనీ ఆచారం.

ఆడపిల్ల మొదటి కాన్పుకు పుట్టింటికి వస్తే, బిడ్డ మీద చుక్క కారకూడదని ఇరుగుపొరుగు వాళ్లు తమ ఇంటి కప్పులోంచి ఒక్కో మంచి రేకు తీసి ఆ ఇంటికి ఇస్తారు. దాన్ని పురిటి రేకు అంటారు. ఇచ్చిన వాళ్లింట్లో ఆ మేర ఆకాశం కనపడుతుంది. అక్కడొక బొచ్చె పెట్టుకుంటారు. తీసుకున్నవాళ్లకు ఉన్న బాధ్యత ఒక్కటే. ఎవరు వచ్చి అడిగినా, ఏ రేకు ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి. ఒక్క పేరు మింగినా బిడ్డకు కీడు.

గాలెయ్య కూతురు సునంద ఏడో నెలలో వచ్చింది. అల్లుడు బోరు లారీ మీద పనికి కర్ణాటక పోయి ఉన్నాడు. ఎనిమిది ఇళ్లవాళ్లు ఎనిమిది రేకులిచ్చారు. అవి కప్పిన పదోరోజున రోడ్ల శాఖ ఏఈ విశ్వనాథం కాగితాలు పట్టుకుని లెక్కకు వచ్చాడు.

"ఇరవై రెండు రేకులు. అన్నీ మీవేనా?" అని అడిగాడు.

"అన్నీ మాయెందుకైతయ్ సార్," అన్నాడు గాలెయ్య. "ఆ మూలది దానమ్మక్కది. పక్కది పిచ్చయ్య బాబాయి వాళ్లది. ఆ పైది..." అని ఎనిమిదీ చూపించాడు.

దానమ్మ ఇంటికి పోయి అడిగితే ఆమె, "ఇచ్చింది మళ్లీ నాదంటానా? ఇంకేమన్నా ఉందా!" అంది.

ఇచ్చినవాళ్లు తమది కాదన్నారు. తీసుకున్నవాళ్లు తమది కాదన్నారు. విశ్వనాథం ఆ ఎనిమిది రేకుల్ని 'యజమాని తేలని కప్పు' అనే పద్దు కింద రాసుకున్నాడు. వాటి తారును శాఖ ఆఫీసులో జెండా దిమ్మె చుట్టూ పరిచారు. మిగిలిన పద్నాలుగు రేకుల తారు నలభై ఆరు మీటర్లకు సాగదీశారు.

పలచటి రోడ్డు కింద సునందకు తొమ్మిదో నెల వచ్చింది. కిలోమీటరున్నర దాటాక, ఎడం పక్కన, రోడ్డు ఉబ్బింది.

ముందు పాలవాళ్లు గమనించారు. తర్వాత స్కూలు ఆటోలు. మోటారు సైకిళ్లవాళ్లు అక్కడికి రాగానే బ్రేకు వేసి, "ఎవడురా రోడ్డేసింది!" అని తిట్టి, మళ్లీ గేరు మార్చుకుని పోయేవారు. తొమ్మిది ఫిర్యాదులు అందాయి. విశ్వనాథం వచ్చి ఉబ్బు మీద మట్టం చూసే మూడు మీటర్ల బద్ద పెట్టి చూశాడు. ఎత్తు తేడా ఆరు మిల్లీమీటర్లకు మించకూడదు. నలభై రెండు ఉంది. వంగి రోడ్డు మీద వేలితో కొట్టాడు.

"ఎవరమ్మా లోపల?"

"మేమే సార్," అంది గాలెయ్య భార్య మంగమ్మ. "పిల్ల ఒట్టి మనిషి కాదు. ఇంకో పది పన్నెండు రోజుల్లో సర్దుకుంటది."

"సర్దుకుంటే మంచిదేనమ్మా. నా దగ్గర మాత్రం వారమే ఉంది."

నోటీసు కిలోమీటరు రాయికి అంటించారు. ఏడు రోజుల్లోగా ఉబ్బును నివాసితులే తొలగించుకోవలెను, లేనిచో రోలరు తిప్పబడును.

గాలెయ్య అంబులెన్సుకు ఫోను చేశాడు. ఆస్పత్రిలో ఉంటే కూతురి మీద రోడ్డూ ఉండదు, ఉబ్బూ ఉండదు. అంబులెన్సు చిరునామాకు సరిగ్గానే వచ్చింది. ఉబ్బు దగ్గర కొంచెం మెల్లగా పోయింది. మనిషి కనపడలేదని రాసుకుని అదే దారిన వెనక్కి పోయింది. సునంద రెండుసార్లూ కడుపు మీద చేతులు అడ్డం పెట్టుకుంది.

"ఏమే, తగిలిందా?" అంది మంగమ్మ.

"లేదులేమా. ఖాళీ బండేగా."

ఆ పిల్లకు అప్పటికే బరువులు తెలుసు. ఇసుక లారీ ఊరి మలుపులో ఉండగానే చెప్పేది.

ఐదోరోజు పక్క వంతు నుంచి దానమ్మ గొంతు వచ్చింది. రోడ్డు కింద మాట బాగా పాకుతుంది. "మంగమ్మొదినా! రేకులు పోతే పోయినయ్. ఈసారి మోకాళ్లిద్దాం."

"మోకాళ్లేందే?"

"ఒక్కచోట లేస్తేనేగా ఆళ్లకు ఉబ్బు? మేం అటో నలుగురం, ఇటో నలుగురం రవ్వ రవ్వగా లేపుతాం. నేను మోకాళ్లు, నా పక్కన పిచ్చయ్య మావ పిడికిళ్లు, ఆ పక్కోళ్లు మడమలు. అప్పుడది వాలైతది. వాలుకి నోటీసెవరిస్తారు?"

"పిచ్చయ్య మావ పట్టగలడా? కీళ్లనొప్పులాయనకి."

"పట్టకేం చేస్తాడు! ఇంతకాలం ఆయన చేసిందేముంది, పడుకోవడమేగా," అంది దానమ్మ. అవతల నుంచి ముసలాయన ఏదో తిట్టాడు. సునంద నవ్వింది. అప్పుడు రోడ్డు కదిలి, దాని మీద పోతున్న సైకిలతను ఒక కాలు కింద పెట్టాడు.

తొమ్మిది ఇళ్లవాళ్లు రెండు రోజులు అట్లాగే ఉన్నారు. అన్నం తినేటప్పుడు కూడా దించలేదు. ఏడోరోజు పొద్దున విశ్వనాథం వచ్చి బద్ద పెట్టాడు. ఐదు మిల్లీమీటర్లు. పది అడుగులు అటు పోయి పెట్టాడు. ఐదు. ఇటు వచ్చి పెట్టాడు. ఐదు. చెడ్డవాడు కాదు కాబట్టి సంతోషించాడు. 'ఉబ్బు లేదు' అని రాసి, తారీఖు వేసి, కలానికి మూత పెట్టాడు. వెళ్లబోతూ మర్యాదకు వంగి అడిగాడు.

"బాగా సర్దారమ్మా. ఎట్లా చేశారు?"

లోపల గాలెయ్య మంగమ్మ వైపు చూశాడు. మంగమ్మ కూతురి కడుపు వైపు చూసింది. ఒక్క పేరు మింగినా కీడు.

"దానమ్మ మోకాళ్లిచ్చింది సార్," అంది మంగమ్మ. "పిచ్చయ్య మావ పిడికిళ్లిచ్చాడు. సామేలు వాళ్లు మడమలు. వాళ్ల కోడలు వీపు..." ఎనిమిది పేర్లూ వరసగా చెప్పింది. తన పేరు వచ్చినప్పుడు ఒక్కొక్కరూ తమ వంతు కింద నుంచి, "అవున్సార్," అన్నారు.

విశ్వనాథం కలం మూత తీశాడు. రాసింది కొట్టేశాడు. ప్రభుత్వ రోడ్డు ఎత్తును తొమ్మిది కుటుంబాలు ఉమ్మడిగా మార్చినట్టు తెలిశాక తెలియనట్టు రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. రోలరుకు ఒక వంతు బదులు తొమ్మిది వంతులు రాయాల్సి వచ్చింది.

రోలరు మధ్యాహ్నానికి వచ్చింది. తోలేది జిలానీ. కాలనీ పక్కవీధివాడు. కాకపోతే వాళ్లది డాబా, అందుకని ఇంకా పైన ఉన్నాడు. ఇంజను ఆపి కిందికి దిగి రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు.

"గాలెయ్య మావా."

"చెప్పు జిలానీ."

"నాలుగు చుట్లు తిప్పమన్నారు. మెల్లగా తోల్తాలే. ఊపిరి బిగబట్టుకోండి."

"నొప్పులు మొదలైనయ్ రా."

"ఎంతసేపట్లో అవుద్ది?"

"అది మన చేతుల్లో ఉంటదా?"

జిలానీ లేచి విశ్వనాథం దగ్గరికి పోయి చెప్పాడు. విశ్వనాథం గడియారం చూసుకున్నాడు. సాయంత్రానికి రోలరు పక్కూళ్లో ఉండాలి. అక్కడా ఒక ఉబ్బు ఉందట, అక్కడ పెళ్లివారు ఎక్కువమంది దిగారట. "అటు చివర నుంచి మొదలుపెట్టు. వీళ్ల దగ్గరికి వచ్చేసరికి టైం పడుతుంది," అన్నాడు. ఆయన చేయగలిగిన సాయం అది. చేశాడు.

జిలానీ ఒక్కో వంతు దగ్గర ఆగి పేరు పెట్టి పిలిచి, "వస్తన్నా," అని చెప్పి తోలాడు. మొదటి చుట్టులో మడమలు దిగాయి. పిచ్చయ్య పిడికిళ్లు విప్పాడు. దానమ్మ, "నేను దించన్రా, ఏం చేసుకుంటావో చేసుకో," అంది. తర్వాత ఏమీ అనలేదు. రెండో చుట్టు అయ్యేసరికి ఎనిమిది వంతులూ చదునయ్యాయి. మధ్యలో ఒక్క ఉబ్బే మిగిలింది.

రెండో చుట్టుకూ మూడో చుట్టుకూ నడుమ బిడ్డ పుట్టింది. ఏడుపు తారు కింద నుంచి వచ్చింది. అరటిగెలల ఆటో ఒకటి ఆగింది. టైరేమన్నా పోయిందేమోనని డ్రైవరు కిందికి దిగి చూసుకుని వెళ్లిపోయాడు.

"ఆడపిల్ల," అంది మంగమ్మ లోపల నుంచి.

"మంచిది," అన్నాడు విశ్వనాథం. ఉబ్బు సగానికి తగ్గింది. సగం ఉంది. బద్ద పెట్టి చూసి, జిలానీకి చెయ్యి ఊపాడు.

మూడో చుట్టు తిరిగింది. నాలుగో చుట్టు తిరిగింది. జిలానీ ఇంజను ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

విశ్వనాథం బద్ద పెట్టాడు. కింద వెలుతురు సందు లేదు.

"సమంగా వచ్చిందా సార్?" గాలెయ్య గొంతు చాలా దగ్గర నుంచి, చాలా పలచగా వినపడింది.

"వచ్చిందయ్యా. పాప?"

"పడుకుంది సార్. చుక్క కారటం లేదు."

విశ్వనాథం బద్ద తీయబోయి ఆగాడు. దాని కొస వెంట్రుకవాసి లేచి దిగింది. కాసేపటికి మళ్లీ లేచి దిగింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కొలత పెట్టి, అది లేచేదాకా చూశాడు. అర మిల్లీమీటరు. పరిమితికి చాలా లోపలే ఉంది. 'సమతలం' అని రాసి సంతకం పెట్టాడు.

తర్వాత మోటారు సైకిలును మార్జిన్లో నడిపించుకుంటూ కొంతదూరం పోయాడు. అక్కడ కంపచెట్లు అడ్డం వచ్చాయి. రోడ్డెక్కి, బండి స్టార్టు చేశాడు. ఊరికి అదొక్కటే దారి.