మినోబె గారి కొత్త గడ్డి

ముందే ఒప్పేసుకుంటాను: ఈ కథలో దెబ్బతిన్న మనిషిని చూసి జాలిపడాలి. నేను పడలేదు. మీరైనా పడతారేమో చూడండి.

మినోబె గారు మా మత్సుఎ ఊళ్లో గడ్డి పండితుడు. విశ్వవిద్యాలయంలో ముప్పై నాలుగేళ్లుగా గడ్డి పీకుతున్నారు. ఇది తిట్టు కాదు, ఉద్యోగం. పీకినదాన్ని పాత పేపర్ల మధ్య నొక్కి, ఎండబెట్టి, అట్టకు అంటించి, ఇది ఫలానా జాతి అని రాసి బీరువాలో పెడతారు. ఆ బీరువాల నిండా గడ్డే, కానీ అందులో ఒక్క జాతీ ఆయన కనిపెట్టింది కాదు. మార్చి వస్తే రిటైర్మెంట్.

అలాంటిది, ఆగస్టులో ఇంటి దగ్గరి కాలువ గట్టున ఏ పుస్తకంలోనూ లేని గడ్డి కనపడింది. ఉబ్బిన కంకులు, ఊదారంగు. రహస్యంగా వ్యాసం రాసి పంపారు. పత్రికవాళ్లు ఒక్కటే అడిగారు: పండిన కంకితో ఇంకో నమూనా కావాలని. సెప్టెంబరు మూడో ఆదివారం పొద్దున ఏడింటికి వెళ్లి కోసుకొచ్చి, ఎనిమిదింటికల్లా పొద్దుటి ఫలహారానికి మీసో సూపు ముందు కూర్చోవాలని ఆయన పథకం.

వీధివాళ్లంతా కలిసి గడ్డి కోసే రోజు కూడా అదే. ఆ సంగతి రాసిన నోటీసు పలక ఇంటింటికీ తిరుగుతూ ఆయన గుమ్మానికీ వచ్చింది. ఆయన చదవకుండానే ముద్ర గుద్ది పక్కింటికి పంపేశారు. ఇక్కడ ముద్ర ఉందంటే చదివినట్టే లెక్క.

వెళ్లేసరికి గట్టు మీద ముప్పై మంది. మెడలో తువ్వాళ్లు, చేతులకు తెల్ల గ్లౌజులు, చేతుల్లో కొడవళ్లు. అందరికంటే ముందు వీధి సంఘం పెద్ద ఓగుషి గారు, డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ. ఆవిడ పక్కన తరుమి. విశ్వవిద్యాలయంలో మినోబె గారి పక్క గదిలోనే కూర్చుని బూజుల మీదా తెగుళ్ల మీదా పరిశోధన చేసే అమ్మాయి.

"రండి మాస్టారూ, ఈ గట్టు మీకోసమే అట్టే పెట్టాం. గడ్డి మీ శాఖే కదా," అంది ఓగుషి.

"ఈ గట్టు ఈసారికి వదిలేద్దామండీ."

"ఏం?"

కొత్త జాతి అంటే తరుమి వింటుంది. ఎవరు ముందు అచ్చు వేయిస్తే పేరు పెట్టే హక్కు వాళ్లదే. అందుకని, "పాముందండీ, ఇప్పుడే చూశాను," అన్నారు.

అబద్ధం కూడా కంప్యూటర్ కోడ్ లాంటిదే. ఒక తప్పును కప్పడానికి రాసిన లైను ఇంకో రెండు తప్పుల్ని కంటుంది.

"పాముంటే ముందు ఇదే కొయ్యాలి. పిల్లలు బడికెళ్లే దారి. అందరూ ఇటు రండి, మొదలంటా కోసేద్దాం."

"వద్దు వద్దు, అది విషపు గడ్డి. తాకితే దద్దుర్లు లేస్తాయి."

"పామా మాస్టారూ, విషమా?"

"రెండూనండీ."

"అయితే కొడవళ్లతో లాభం లేదు. కోతాని గారూ, కలుపు మందు డబ్బా పట్రండి."

కోతానిది మిఠాయి కొట్టు. ఆయన డబ్బా మూత తీస్తుండగా మినోబె గారు గడ్డికి అడ్డంగా పడుకున్నారు.

"ఇది ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొత్త జాతి. నేనే కనిపెట్టాను."

లేచిన ముప్పై కొడవళ్లూ కిందికి వాలాయి. "ఆ ముక్క ముందే ఏడవచ్చుగా" అనే మాటను మా ఊళ్లో "తెలియక ఇబ్బంది పెట్టాం, మన్నించండి" అంటారు. ఓగుషి సరిగ్గా అలాగే అంది.

ఇక భక్తి మొదలైంది. ఎవరో గడ్డి చుట్టూ తాడు కట్టారు. వరసలో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. దీని పేరుతో ఓ మిఠాయి చెయ్యొచ్చని కోతాని మందు డబ్బా చేతిలో పట్టుకునే లెక్కలు వేశాడు. ఓగుషి పసిపాప బుగ్గ నిమిరినట్టు ఒక కంకిని నిమిరి, తన చేతి కేసి చూసుకుంది. తెల్ల గ్లౌజు నల్లగా అయిపోయింది.

"మాస్టారూ, మీ కొత్త జాతి మసి పూస్తోందండీ."

తరుమి వంగి, జేబులోంచి భూతద్దం తీసి చూసింది.

"గడ్డి పాతదే మాస్టారూ. మీ వాకిట్లో కూడా ఉంటుంది. కాటుక తెగులు పట్టి కంకులు ఉబ్బాయి. కాటుక పెట్టుకొచ్చిందని కొత్త మనిషి అనుకున్నారు, అంతే."

"ఇన్నేళ్ల సర్వీసులో తెగులు గుర్తుపట్టలేదా మీరు?" అన్నాడు కోతాని. మిఠాయి పోయిన కడుపుమంట.

"నాది గడ్డండీ," అన్నారు మినోబె గారు మట్టి దులుపుకుంటూ. "తెగుళ్లు పక్క గది."

పక్క గది అప్పటికే ఆ నల్ల పొడిని కాగితంలో పొట్లం కట్టేసింది. గడ్డి పాతదే గానీ, తెగులు కొత్తది.

మినోబె గారు తన వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకున్నారు. ఫిబ్రవరిలో తరుమి వ్యాసం అచ్చయింది. పెద్దల పట్ల గౌరవం ఉన్న పిల్ల, తెగులుకు ఆయన పేరే పెట్టింది. ముప్పై నాలుగేళ్లుగా కోరుకున్నట్టే మినోబె అనే పేరు శాస్త్రంలో శాశ్వతంగా నిలిచిపోయింది, గడ్డికి పట్టే పీడగా.

మీ పేరు కూడా ఏ జబ్బుకైనా పెట్టి ఉంటే రాసి పంపండి, ఆయనకు తోడుంటుంది.