పాచి వదిలిన చెరువు

ఆ ఉదయం నీటి పరీక్షకుడు అనుకున్నది చిన్న పని. చెరువు నీళ్లు సీసాలో పట్టాలి, ల్యాబులో పరీక్ష చేయాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. మంచులో చెరువు ఇంకా నిద్ర లేవలేదు. పాచి ఆకుపచ్చ దుప్పటిలా పరుచుకుని ఉంది. దాని మీద బావమరిది షికారు పడవలు కలలో తేలినట్టు తేలుతున్నాయి. అతని బతుకంతా ఆ పడవలే.

పైరుకు బలమిచ్చే ఫాస్ఫేట్ నీటిలో చేరితే పాచికి బలం. పరీక్షలో అది హద్దు దాటింది. అధికారి పడవలు ఆపించాడు. బావమరిది ఇంటికొచ్చి అక్కాబావల ముందు కూలబడ్డాడు.

"సొంత మనిషివని నమ్మితే నా కడుపే కొట్టావు బావా."

"కొట్టింది నేను కాదు, నీ చెరువు."

పొలాల ఎరువు నీళ్లు రాకుండా కట్ట వేశారు. బట్టలుతికే కార్ఖానా మురుగు కాలువ మూసేశారు. అయినా పరీక్షలో ఫాస్ఫేట్ రెట్టింపయింది. అధికారి మండిపడి మిగిలిన కాలువలూ మూయించాడు. రైతులు పరీక్షకుణ్ణి చూసి మొహం తిప్పుకున్నారు. కళ్లెదుట పాచి విడిపోతోంది, పరీక్షలో ఫాస్ఫేట్ పెరుగుతోంది. ఏది నమ్మాలో అతనికి తోచలేదు.

ఒక తెల్లవారుజామున లేచేసరికి వంటింటి కిటికీ వెలుగులో నురగ బుడగలు తేలుతున్నాయి. భార్య కూనిరాగం తీస్తూ అతని సీసాను సబ్బుపొడితో తోముతోంది.

"మీరెప్పుడూ నీళ్లతో జాడించి వదిలేస్తారు. చెరువు పాడైందని తమ్ముడు ఏడ్చాక పొడి కాస్త ఎక్కువే వేస్తున్నాను."

సబ్బుపొడి నిండా ఫాస్ఫేటే. ముట్టుకోవద్దని అతను చెప్పలేదు, ముట్టుకోవచ్చా అని ఆమె అడగలేదు. ఆ కాపురంలో మాటలు అంతే.

కొత్త సీసాలో పట్టిన నీటిలో ఫాస్ఫేట్ దాదాపు లేదు. అతను ఆఫీసులో నిజం చెప్పబోయాడు.

"అయితే నేను మూయించిన కాలువలన్నీ తెరవమంటావా?" అన్నాడు అధికారి.

అతను సీసా సంగతి వదిలేసి కొత్త అంకె మాత్రం రాసిచ్చాడు. పడవలకు అనుమతి వచ్చింది.

బావమరిది పడవలకు కొత్త రంగు వేసి నీటిలోకి దింపాడు. జనం వచ్చి ఒడ్డున వంగి చూశారు. అడుగున నాచు విరబోసిన జుట్టులా ఊగుతోంది. చేపలు గాలిలో ఎగిరినట్టు సాగిపోతున్నాయి. ఎవరూ ముందుకు అడుగు వేయలేదు.

"అదే చెరువమ్మా, ఏళ్ల తరబడి మీరు తిరిగిందే," అని బతిమాలాడు బావమరిది.

"అప్పుడు లోతు కనబడేది కాదు గదయ్యా," అంది ఒకావిడ, పిల్లను వెనక్కి లాక్కుంటూ.

సాయంత్రం దాకా పడవ ఎక్కింది అక్క ఒక్కతే. అదీ డబ్బివ్వకుండా.